ఇంజిన్ విప్పే ముందు వెనక చక్రం పట్టుకుని చూడండి

"రింగులు పోయాయండి. బోరింగ్‌కి దింపాల్సిందే. ఓ అరవై వేలు చూసుకోండి."

మా బొలెరో పికప్ బానెట్ ఎత్తి, నాతో రెండుసార్లు రేజ్ చేయించి, సైలెన్సర్ దగ్గర పొగ చూసి మేస్త్రి చెప్పిన మాట ఇది. అంటే పిస్టన్ రింగులు అరిగిపోయాయి, ఇంజిన్ విప్పి సిలిండర్లు మళ్లీ చెక్కించాలని. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. బండి 2011 మోడల్. మీటరు మూడు లక్షలు దాటి చాలా కాలమైంది. నేను చెప్పిన కంప్లయింట్ ఒక్కటే, మైలేజీ పడిపోయిందని. లోడు మీద లీటరుకి పన్నెండు దాకా ఇచ్చే బండి తొమ్మిదిన్నరకి దిగిపోయింది. బండి పాతది, మైలేజీ లేదు, పొగ కాస్త నల్లగా ఉంది. ఈ మూడూ వింటే ఎవరైనా చెప్పే జవాబే ఆయనా చెప్పాడు.

సరేనండి, చూస్తానని వచ్చేశాను. అరవై వేలు ఒక్కసారిగా తీసే పరిస్థితి లేదు. ఆ సాయంత్రమే మన కోనసీమ అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తుకుని రాజమండ్రి బయలుదేరాను. రావులపాలెం దాటి, గౌతమి వంతెన దిగి, జొన్నాడ దగ్గర టీకి ఆపాను. పట్టా తాడు వదులైందేమో చూద్దామని బండి చుట్టూ తిరుగుతూ ఎడమ వెనక చక్రం మీద చెయ్యి ఆనించాను. చుర్రుమంది. వెంటనే కుడివైపు వెళ్లి ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ముందు రెండూ అంతే.

దారిలో నేను బ్రేకు గట్టిగా వేసింది మహా అయితే నాలుగైదు సార్లు. అయినా ఒక్క డ్రమ్ము మాత్రం అట్ల పెనంలా కాలుతోందంటే, నేను కాలు తీసేశాక కూడా ఆ బ్రేకు పట్టుకునే ఉందన్నమాట. అంబాజీపేట నుంచి అక్కడి దాకా ఇంజిన్ కొబ్బరికాయల బరువుతో పాటు ఆ పట్టిన బ్రేకునీ లాక్కొచ్చింది. ఇలా ఎన్ని నెలల నుంచి లాగుతోందో తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంది.

అప్పట్నుంచి ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను. పాత బండి డీజిలు ఎక్కువ తాగుతోందంటే ముందే ఇంజిన్ మీద నేరం మోపొద్దు. దాన్ని ఏది పట్టుకుంటోందో, ఏది ఊపిరాడనివ్వట్లేదో, ఏది దాన్ని సరైన వేడికి రానివ్వట్లేదో చూడండి. ఇవన్నీ ఒక్కొక్కటీ వందల్లో, వేలల్లో తేలిపోయే పనులు. ఇంజిన్ విప్పడం చివరి మాట కావాలి. మన దగ్గర అదే మొదటి మాట అయిపోయింది. అది కాకపోతే "అమ్మేసి కొత్తది ఫైనాన్స్‌లో తీసుకో" అంటారు. నెలనెలా కిస్తీ కట్టడం కోసం రాత్రనక పగలనక కిరాయిలకు తిరిగే కుర్రాళ్లను చూస్తూనే ఉన్నాను. అప్పు లేని పాత బండికి ఉన్న విలువ వాళ్లని అడిగితే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే మిగతా చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ఎడమ వెనక చక్రం జాకీ మీద ఎత్తాను. హ్యాండ్ బ్రేక్ దించి, న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పాను. వెనక చక్రంతో పాటు షాఫ్టు, క్రౌను (వెనక యాక్సిల్‌లోని పెద్ద గేరు) కూడా తిరగాలి కాబట్టి కాస్త బరువుగానే ఉంటుంది. అయినా గట్టిగా తోస్తే ఒక చుట్టు తిరగాలి. ఇది పావు చుట్టు కూడా తిరక్కుండా బరబరమంటూ ఆగిపోయింది. డ్రమ్ము ఊడదీయడానికే గంట పట్టింది. లోపల బ్రేకు షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు చిరిగిపోయి ఉంది, దాని వెనక ఎర్రటి తుప్పు బురద. పిస్టన్ బయటికి వస్తోంది గానీ వెనక్కి పోవట్లేదు. హ్యాండ్ బ్రేక్ కేబుల్ లోపలి తీగ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. బ్రేకు లైనరు నల్లగా మాడి అద్దంలా మెరుస్తోంది.

ఆ తుప్పు ఎక్కడిదో నాకు తెలుసు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన వరద మన వాళ్లెవరూ మర్చిపోలేరు. నీళ్లు తీస్తున్న రోజుల్లో మా బండి వారం పాటు ముంపు ఊళ్ల మధ్యే తిరిగింది, బియ్యం బస్తాలు, మంచినీళ్ల డబ్బాలు వేసుకుని. అంత వరద రాకపోయినా ఏటా మన లంకల కాజ్‌వేలు మునుగుతాయి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మీద నీళ్లు ఎక్కాయన్న వార్త రాని ఏడాది తక్కువ. వేడి మీదున్న డ్రమ్ము, వేడి మీదున్న వెనక యాక్సిల్ హౌసింగ్ ఒక్కసారిగా నీళ్లలోకి దిగితే లోపలి గాలి చల్లారి కుంచించుకుపోతుంది. దాంతో ఎక్కడ సందు దొరికితే అక్కడ నుంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటాయి. వెనక హౌసింగ్‌కి పైన గాలి పోవడానికి చిన్న గొట్టం ఉంటుంది, దాంట్లోంచి కూడా. ఆ ఏడాది క్రౌన్ ఆయిల్ విప్పితే మజ్జిగలా తెల్లగా వచ్చింది, వెంటనే మార్పించాను. బ్రేకులు బాగానే పడుతున్నాయి కదా అని డ్రమ్ములు మాత్రం విప్పించలేదు. బ్రేకు పడటం వేరు, వదలడం వేరు. నేను పడటమే చూసుకున్నాను.

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యలు తోలే బండ్లకి వరద కూడా అక్కర్లేదు. ట్రేల్లోంచి కారే ఉప్పునీళ్లు రోజూ ఛాసిస్ మీద, కేబుళ్ల మీద, పైపుల మీద పడుతూనే ఉంటాయి. అన్‌లోడింగ్ అయ్యాక మంచినీళ్లతో బండి అడుగు భాగం కడగడానికి పది నిమిషాలు చాలు. తొట్టి కడుగుతారు, ఎందుకంటే వాసన వస్తుంది. అడుగున వాసన రాదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

రెండు వైపులా వీల్ సిలిండర్లు, షూలు, కేబుల్, హబ్బుల్లో కొత్త గ్రీజు కలిపి నాకు నాలుగు వేల లోపు అయింది. మైలేజీ తొమ్మిదిన్నర నుంచి పది పాయింట్ ఎనిమిదికి వచ్చింది. ఇంజిన్ మీద ఒక్క స్పానర్ కూడా పడకుండానే.

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న, పది పాయింట్ ఎనిమిది అని నువ్వు అంత ఖచ్చితంగా ఎలా చెబుతున్నావని. డాష్‌బోర్డు మీద ఒక నోట్‌బుక్ ఉంది. అంతకంటే మంచి పనిముట్టు నా దగ్గర లేదు. పద్ధతి చాలా సులువు. ట్యాంకు నిండా కొట్టించాలి, గన్ను తనంతట తాను టక్కున ఆగేదాకా. మీటరు రీడింగు రాసుకోవాలి. మళ్లీ కొట్టించినప్పుడు అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ గన్ను ఆగేదాకా నింపాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే సరి. ఒక్కసారి వచ్చిన లెక్కను నమ్మకూడదు, మూడు ట్యాంకుల సగటు చూడాలి. పక్కన లోడు ఏంటో, ఏ రూటో ఒక్క మాట. "కొబ్బరి, రాజమండ్రి." "మొక్కలు, కడియం నుంచి." "ఖాళీ." అంతే.

ఐదు వందలకి కొట్టండి, వెయ్యికి కొట్టండి అని పోయించుకునేవాళ్లకి ఈ లెక్క ఎప్పటికీ దొరకదు. చేతిలో ఆడే డబ్బును బట్టి పోయించుకుంటాం, ఆ ఇబ్బంది నాకూ తెలుసు. కానీ నెలలో రెండుసార్లు కూడబలుక్కుని ఫుల్ ట్యాంక్ చేయించగలిగితే బండి మనతో మాట్లాడటం మొదలుపెడుతుంది. వానాకాలంలో ట్యాంకు నిండుగా ఉంటే లోపల చెమ్మ పట్టి నీరు చేరడం కూడా తగ్గుతుంది. ఇంకో జాగ్రత్త, మీటరునే సరిచూడాలి. సైజు మారిన టైర్లు వేస్తే మీటరు తప్పు చెబుతుంది. 216 నంబరు హైవే మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ పది కిలోమీటర్లు వెళితే తేడా తెలిసిపోతుంది.

లెక్క ఎందుకింత ముఖ్యమంటే డబ్బు కోసమే అనుకుంటారు. డబ్బు కూడా తక్కువేం కాదు. నెలకి రెండున్నర వేల కిలోమీటర్లు తిరిగే బండి తొమ్మిదిన్నర ఇస్తే 263 లీటర్లు కావాలి. పన్నెండు ఇస్తే 208 చాలు. తేడా 55 లీటర్లు. లీటరు వందకి దగ్గరగా ఉన్న రోజుల్లో అది నెలకి ఐదు వేల పైమాట. తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీయే ఉంది, మన కాళ్ల కిందే చమురు తీస్తున్నారు, అయినా బంకులో మనకి దొరికే ధర అదే. అయితే నేను నోట్‌బుక్ రాసేది ముఖ్యంగా జబ్బు తెలియడానికి. జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్లు పట్టి చూసినట్టు ఈ అంకెను పట్టి చూస్తాను. ఒక వారంలో అర పాయింటు పడిందంటే ఏదో అయింది. పొగ రాకముందే, శబ్దం రాకముందే ఆ అంకె చెబుతుంది.

బ్రేకులయ్యాక కూడా పన్నెండు రాలేదు కదా, మిగతాది ఎక్కడ పోతోందని వెతికాను. అప్పుడు దొరికింది అసలు దొంగ. దొంగ అనడం కూడా తప్పే, ఉండాల్సింది లేకపోవడమే సమస్య.

సంక్రాంతి ముందు మంచు పడే రోజుల్లో మా బండి టెంపరేచర్ ముల్లు పైకి లేచేదే కాదు. రాజమండ్రి వెళ్లొచ్చినా అడుగునే ఉండేది. వేడెక్కట్లేదు, మంచిదే కదా అనుకున్నాను. రావులపాలెంలో ఇంకో పెద్ద మేస్త్రి దగ్గర రేడియేటర్ గొట్టం మార్పించడానికి వెళితే, ఆయన ఇంజిన్ మీద ఆ గొట్టం తగిలే హౌసింగ్ మూత విప్పి లోపలికి చూసి, "ఆయ్, ఇందులో వాల్వ్ ఎవరు తీసేశారండి?" అన్నాడు.

థర్మోస్టాట్ వాల్వ్. ఇంజిన్ సరైన వేడికి వచ్చేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది అదే. ఎప్పుడో ఒక వేసవిలో బండి వేడెక్కితే ఎవరో మెకానిక్ తీసి పారేశాడు. "మన ఎండలకి అది అక్కర్లేదండి, అది చలి దేశాల వాళ్లకి" అన్న మాట నేను చాలా షెడ్లలో విన్నాను. ఇది మన దగ్గర ఎంత పాతుకుపోయిందంటే, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత బండ్లలో వాల్వ్ ఉన్నది కనబడితే ఆశ్చర్యపోవాలి. పొలాల్లో ఆయిలింజన్లు నడిపిన పెద్దవాళ్ల నుంచి వచ్చిన నమ్మకం అనుకుంటాను. ఇంజిన్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిది, కాలవ నీళ్లు పోస్తూనే ఉండాలి అని.

డీజిల్ ఇంజిన్ చల్లగా ఉండకూడదు. దానికి స్పార్క్ ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకోవాలి. సిలిండర్ గోడలు చల్లగా ఉంటే ఆ వేడిని అవే లాగేసుకుంటాయి. డీజిలు పూర్తిగా మండదు. మండని డీజిలు గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కిందకి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కూడా ఎగిరిపోకుండా ఆయిల్‌లోనే చేరి మడ్డి అవుతుంది. చిక్కగా ఉన్న ఆయిల్‌ను తిప్పడానికే ఇంజిన్ బలం కొంత పోతుంది. రింగులూ సిలిండర్ గోడలూ ఎక్కువ అరిగేది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. అంటే ఇంజిన్‌ను కాపాడుదామని వాల్వ్ తీసేసి, రింగులు త్వరగా అరిగిపోయే పని మనమే చేస్తున్నాం. తర్వాత అదే షెడ్డుకి బోరింగ్ కోసం వెళుతున్నాం.

ఇంకో సంగతి. కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వ్ తెరుచుకున్నప్పుడు పక్కనున్న బైపాస్ దారిని మూస్తుంది. వాల్వే లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కి వెళ్లకుండా ఇంజిన్‌లోనే చుట్లు కొడుతుంది. మామూలుగా చల్లగా ఉండి, సరిగ్గా లోడు మీద వంతెన ఎక్కేటప్పుడు వేడెక్కే బండ్లు అందుకే ఉంటాయి.

కొత్త వాల్వ్ ఐదు వందల లోపే. బిగించే ముందు ఇంట్లో పరీక్ష చేశాను. మా ఆవిడ పాత సత్తుగిన్నె ఒకటి ఇచ్చింది. వాల్వ్ నోట్లో దారం ఇరికించి, ఆ దారంతోనే దాన్ని నీళ్లలోకి వేలాడదీసి పొయ్యి వెలిగించాను. వాల్వ్ మీద 82 అని అంకె కొట్టి ఉంది, అంటే ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు లేచాయి, ఆవిరి వచ్చింది, నీళ్లు ఇంకా తెర్లడం మొదలవలేదు. అప్పుడు వాల్వ్ నోరు మెల్లిగా తెరుచుకుని, దారం వదిలేసి ఠంగున గిన్నెలో పడింది. దాని కడుపులో ఉండేది మైనం లాంటి పదార్థం. వేడికి అది ఉబ్బి వాల్వ్‌ను తోస్తుంది, చల్లారితే స్ప్రింగు మూసేస్తుంది. కరెంటు లేదు, సెన్సార్ లేదు. మీ ఇంట్లో కూడా చేసి చూడండి, చూశాక దాన్ని తీసి పారేయడానికి మనసొప్పదు.

అయితే వాల్వ్ పెట్టగానే వేసవిలో మళ్లీ వేడెక్కితే? అక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. వేడెక్కడానికి కారణం రేడియేటర్‌లో ఉంటుంది, వాల్వ్‌లో కాదు. మన రేడియేటర్లకి రెండు శత్రువులు. బయట నుంచి పొట్టు. దాళ్వా కోతలప్పుడు గాలంతా వరి దుమ్మే. రాత్రిపూట లైట్ల మీదికి వచ్చే వరి దోమ రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుని, దాని మీద దుమ్ము అతుక్కుని, అట్టలా గట్టిపడుతుంది. మా బండిది విప్పి వెలుతురుకి పెట్టి చూస్తే కింది మూడో వంతు అసలు వెలుగే రాలేదు. దాన్ని వాటర్ సర్వీసింగ్ గన్నుతో కొట్టకూడదు, రెక్కలు వంగిపోతాయి. మామూలు గొట్టంతో, ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు వదిలితే వచ్చిన దారినే పోతుంది.

రెండోది లోపలి నుంచి, మన బోరు నీళ్లు. రాజోలు, మలికిపురం, అంతర్వేది వైపు బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పు తెలుస్తుంది. ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తాం. కాలవ నీళ్లయితే ఒండ్రు. ఆవిరైన కొద్దీ మళ్లీ పోస్తాం, ఉప్పూ సున్నమూ లోపలే మిగిలిపోతాయి. కాఫీ గిన్నె అడుగున పట్టే తెల్ల పొర లాంటిదే సన్నటి గొట్టాల్లో పడుతుంది. కూలెంటు, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు కలిపి పోస్తే తుప్పు పట్టదు, పొర కట్టదు. కూలెంటు ఖరీదని అందరూ అంటారు. ఇంజిన్ వేడెక్కి ఒకసారి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) పోతే అయ్యే ఖర్చు ముందు అది ఏపాటి? రేడియేటర్ మూత రబ్బరు, స్ప్రింగు కూడా చూడండి. మూత ఒత్తిడి పట్టి ఉంచితేనే లోపలి నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. చీకిపోయిన రబ్బరుతో, గుడ్డ చుట్టి నడిపే బండ్లు మన రోడ్ల మీద ఎన్నో.

వాల్వ్, రేడియేటర్ అయ్యాక పదకొండున్నర. ఎయిర్ ఫిల్టర్ మార్చి, నాలుగు టైర్లకీ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పినంత గాలి పెట్టించాక పదకొండు పాయింట్ ఎనిమిది. గాలి గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. పది పాయింట్లు తక్కువుంటే రెండు శాతం. చిన్నదే, కానీ టైర్ల అరుగుదల కలుపుకుంటే చిన్నది కాదు.

నడపడం గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. మన డెల్టా బల్లపరుపు నేల. ఎక్కుడు అంటే వంతెనలూ కాలవ గట్లూ తప్ప ఏమీ లేవు. ఇలాంటి చోట మైలేజీ బాగా రావాలి. రాకపోవడానికి కారణం ఆగడం, మళ్లీ లాగడం. ఊరికో స్పీడ్ బ్రేకరు, గట్టు మీద మలుపు, సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, గేదెలు. లోడుతో రెండు ముప్పావు టన్నులున్న బండి యాభై మీద వస్తూ పూర్తిగా ఆగి, మళ్లీ యాభై అందుకోవడానికి ఎంత డీజిలు పడుతుందో లెక్క వేశాను. బండి వేగంలో ఉన్న శక్తి, డీజిలులో ఉన్న శక్తి, అందులో ఇంజిన్ చక్రాలకిచ్చే ముప్పై శాతం, ఇవన్నీ కలిపి చూస్తే సుమారు పాతిక మిల్లీలీటర్లు. నాలుగుసార్లు ఆగితే ఒక టీ గ్లాసుడు. నలభై సార్లకి లీటరు. మన గట్టు రోడ్డు మీద నలభై సార్లు బ్రేకు తొక్కడం ఎంతసేపు? ధాన్యం రాశి రెండు వందల మీటర్ల ముందే కనబడుతుంది. అప్పుడే యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి గేరులోనే రానిస్తే చాలావరకు బ్రేకుతో పనే ఉండదు.

గేరులోనే అని నొక్కి చెబుతున్నాను. వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టేవాళ్లు డీజిలు మిగులుతుందనుకుంటారు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే బండే ఇంజిన్‌ను తిప్పుతుంది, ఇంజిన్‌కి డీజిలు తోసే పంపు దాన్ని దాదాపు ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఐడిలింగ్‌కి కావాల్సినంత పోస్తూనే ఉండాలి. పైగా బ్రేకు తప్ప బండిని ఆపేది ఏదీ ఉండదు. అలాగే కాటా దగ్గర, రైల్వే గేటు దగ్గర, యార్డులో వరసలో ఉన్నప్పుడు ఇంజిన్ ఆపేయండి. ఈ సైజు ఇంజిన్ ఊరికే గుర్రుమంటూ ఉన్నా గంటకి అర లీటరు పైగానే తాగుతుంది. హైవే మీద వేగం గురించి ఇంధన పొదుపు కోసం కేంద్ర ప్రభుత్వం 1978లో పెట్టిన పీసీఆర్‌ఏ చెప్పే సలహా గంటకి 45 నుంచి 55 కిలోమీటర్లని. వేగం రెట్టింపైతే గాలి అడ్డం నాలుగు రెట్లవుతుంది. ఎత్తుగా కట్టిన పట్టా ఎగురుతుంటే మరీను.

ఇక సీసాల్లో అమ్మే మందుల సంగతి. డీజిలులో కలిపితే మైలేజీ పెరుగుతుందనే సీసాలు, డీజిలు గొట్టానికి కట్టే అయస్కాంతాలు, టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్లలో పోసే ఆయిల్) కలపడం. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 డీజిలు వచ్చాక, కొత్త డీజిలులో గంధకం లేక పాత పంపులు అరిగిపోతున్నాయని ఒక ప్రచారం. గంధకం 10 పీపీఎంకి తగ్గిన మాట నిజం. అది తగ్గిస్తే జారుడు గుణం తగ్గుతుందన్నదీ నిజమే. అందుకే ఆ గుణం ఎంత ఉండాలో ప్రమాణంలోనే పెట్టారు, రిఫైనరీలే దానికి కావాల్సింది కలిపి పంపుతాయి. మనం మళ్లీ కలపక్కర్లేదు. గంధకం తగ్గడం వల్ల ఇంజిన్ ఆయిల్‌లో చేరే ఆమ్లం తగ్గింది, పాత ఇంజిన్లకి అది మేలే. సీసా డబ్బులతో డీజిల్ ఫిల్టర్ మార్చండి, ఫిల్టర్ కింది మర విప్పి నీళ్లు వదలండి. పొలానికి తీసుకెళ్లిన క్యానులోంచి మిగిలిన డీజిలు బండిలో పోసే అలవాటు ఉంటే వెంటనే మానుకోండి. ఆ క్యానులో చేరిన నీళ్లూ మట్టీ చేసేంత హాని, సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్లకి ఇంకేదీ చేయదు.

డ్రైవర్ని పెట్టుకుని తిప్పేవాళ్లకి ఒక విన్నపం. "అంత నిదానంగా నడిపితే నాకేం వస్తుందండి?" అని డ్రైవర్ అడిగితే దానికి జవాబు మీ దగ్గర ఉండాలి. మా బండికి వారంలో మూడు రోజులు తమ్ముడి వరసైన కుర్రాడు వెళతాడు. నోట్‌బుక్ లెక్కలో పదకొండు దాటి మిగిలిన డీజిలు డబ్బులో సగం అతనిది. నెలాఖరుకి ఇద్దరం కూర్చుని చూసుకుంటాం. ఇప్పుడు చక్రాలు పట్టి చూసేది నాకంటే ఎక్కువ అతనే.

ఇంజిన్ ఎప్పటికీ విప్పక్కర్లేదని నేను అనట్లేదు. రింగులు నిజంగా పోయిన బండికి గుర్తులుంటాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ వారం వారం దిగిపోతుంది. పొగ నీలంగా వస్తుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పితే ఆవిరి బండిలా పొగ తోసుకొస్తుంది. పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తుంది. అప్పుడు కూడా బోరింగ్‌కి ఒప్పుకునే ముందు కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలిచే పరీక్ష) చేయించి, నాలుగు సిలిండర్ల రీడింగులు కాగితం మీద రాయించుకోండి. పొగను కంటితో చూసి అరవై వేలు చెప్పే హక్కు ఎవరికీ లేదు. నాకు ఆ రోజు అలా చెప్పిన మేస్త్రి మంచివాడే, పనిమంతుడే. మనం కూడా టెస్ట్ అడగం, వాళ్లూ చేయరు.

నేను చేయించాను. నాలుగూ సరిపడా, దాదాపు సమానంగా వచ్చాయి. రింగులు బాగున్నాయి.

మరి ఆ నల్ల పొగ? దానికి కారణం మొన్ననే కనబడింది. పంపు మీద డీజిలు ఎంత పోవాలో నిర్ణయించే స్క్రూకి కంపెనీ వేసిన సీలు తెగి ఉంది. బండి బాగా లాగాలని ఎప్పుడో, ఎవరో దాన్ని తిప్పారు. గాలికి మించి పోసిన డీజిలు మండక నల్లగా సైలెన్సర్‌లోంచి పోతోంది, లోపల వేడి కూడా పెంచుతోంది. దాన్ని అందాజాగా మళ్లీ వెనక్కి తిప్పడం నాకిష్టం లేదు. వచ్చే అమావాస్యకి కిరాయిలు తక్కువుంటాయి. అప్పుడు పంపూ నాలుగు నాజిళ్లూ విప్పించి టెస్ట్ బెంచి మీద కొలిచి సరిచేసే క్యాలిబ్రేషన్‌కి ఇస్తాను. మూడు ట్యాంకులు తిరిగాక ఎంత వచ్చిందో ఇక్కడే రాస్తాను.